నేను పంపని మెసేజ్

"కళ్ళు యాడ పెట్టుకొని ఉరుకుతావమ్మా..."

తోపుడుబండి అంచు రేణుక మోకాలిని చీరేసింది. రక్తం పాదం దాకా కారుతోంది.

ఆమె ఆగలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నర. చిక్కపేట సందు నిండా మనుషులు, మూటలు, బండ్లు. నలభై ఆరేళ్ళ ఆడమనిషి కుచ్చిళ్ళు బొడ్లో దోపుకొని పరుగెడుతోంది.

చెవి దగ్గర ఫోన్.

అవతలి ఫోన్ స్విచాఫ్.

మళ్ళీ నొక్కింది. స్విచాఫ్!

పది నిమిషాల క్రితం ఆమె హోల్‌సేల్ కొట్లో కూర్చొని కాటన్ చీరలు ఏరుతోంది. బెళ్ళందూరు నుంచి ఫర్హానా ఫోన్ చేసింది. రేణుక ఆన్‌లైన్‌లో అమ్మే చీరలన్నిటికీ ప్యాకింగ్ చేసేది ఫర్హానానే.

"అక్కా, హరిణికి మెసేజ్ పెట్టారా?"

"లేదే. ఏమి?"

"మన పేజీ నుంచే పోయింది. చదువుతా వినండి. 'నువ్వెక్కడున్నావో నీ మొగుడికి తెలిసిపోయింది. ఫోన్ ఆఫ్ చెయ్. తలుపు గడియ పెట్టుకో. నేను వస్తున్నా.'"

చేతిలోని చీర జారి కింద పడింది.

"నేను పెట్టలేదు ఫర్హానా."

"నేనూ పెట్టలేదు. అక్కా... ఆ యాప్..."

కస్టమర్లకు దానంతటదే జవాబులిచ్చే యాప్. ఎవరు తయారుచేశారో తెలియదు. 'రేటెంత అక్కా' అని రోజుకి మూడు వందల మంది అడుగుతుంటే, గరిటె ఒక చేత్తో ఫోన్ ఒక చేత్తో పట్టుకోలేక పెట్టుకుంది. కుక్కర్ మూడో విజిల్ వేస్తుండగా అది అడిగినవాటన్నిటికీ అలౌ, అలౌ, అలౌ అని నొక్కేసింది. పాస్‌వర్డ్ కూడా ఇచ్చింది.

మెసేజ్‌లు చదవడానికి.

ఆమె పేరుతో రాయడానికి కూడా!

"పోలీసులకు చెయ్ నువ్వు. నేను పోతాండా."

హరిణి ఆమె చీరలకు ఫాల్ కుడుతుంది. ఆరు నెలల క్రితం పగిలిన దవడతో మొగుడు శశిధర్ ఇంట్లోంచి పారిపోయి వచ్చింది. దొరికితే చంపేస్తానని ఆమె తమ్ముడి ముందే చెప్పాడు శశిధర్. ఆ పిల్లకి ఇక్కడ గది చూపించింది రేణుకే.

మలుపు. గోడౌన్ల మేడ.

చీకటి మెట్లు. ఒక అంతస్తు. ఊపిరి అందడం లేదు. రెండో అంతస్తు. మూల గది. తలుపు మూసే ఉంది. పగలగొట్టిన గుర్తులు లేవు.

బతికే ఉంది...

తట్టడానికి చెయ్యెత్తింది. ఫోన్ వణికింది. ఫర్హానా.

"అక్కా, పోలీసులు బయల్దేరినారంట. కానీ ఒక్క మాట. ఆ మెసేజ్ పెట్టింది శశిధరే అయితే, ఇల్లు తెలిసినోడు గడియ పెట్టుకోమని ఎందుకు చెప్తాడు?"

రేణుక చెయ్యి తలుపుకి అంగుళం దూరంలో ఆగిపోయింది.

తెలియదు.

వాడికి ఇల్లు తెలియదు!

మెసేజ్‌లన్నీ చదివి ఉంటాడు. ఈ రోజు తను ఏ కొట్లో ఉంటుందో వాటిలో ఉంది. హరిణి అడ్రస్ లేదు. చీరల కట్ట ప్రతిసారీ రేణుకే చేత్తో తెచ్చి ఇస్తుంది. ఆ మెసేజ్ పెట్టింది హరిణి కోసం కాదు.

తన కోసం. తనను పరుగెత్తించి, వెంట రావడానికి.

కింద మెట్ల మీద బూట్ల చప్పుడు. తొందరలేని చప్పుడు.

రేణుక చెయ్యి దించింది. తలుపు వదిలేసి పైకి నడిచింది. చెప్పులు టపటపమనేలా, వాడికి వినిపించేలా. మూడో అంతస్తులో ఖాళీ గోడౌన్ బార్లా తెరిచి ఉంది. వెనక గోడ సగం లేదు. మూటలు తాడు కట్టి కిందికి దించే చోటు అది. కింద సిమెంటు వాకిలి.

"హరిణీ..." గొంతెత్తి పిలిచింది. "నేనే. భయపడొద్దు."

బూట్లు పైకి వచ్చాయి.

ఇస్త్రీ చొక్కా. మెడలో ఆఫీసు ఐడీ కార్డు. చేతిలో కొబ్బరిబోండాలు కొట్టే కత్తి.

"థాంక్స్ ఆంటీ," అన్నాడు శశిధర్. "మీ యాప్ నడిపేవాడు మంచోడు. అడగ్గానే మీ ఇన్‌బాక్స్ మొత్తం చేతిలో పెట్టాడు. ఎవరి బ్లౌజు సైజెంతో కూడా తెలుసు నాకు. నా పెళ్ళాం గది తప్ప."

"నీ పెళ్ళాం ఈడ లేదప్పా."

"మరి ఎవర్ని పిలిచినావ్?"

గోడౌన్ చుట్టూ చూశాడు. ఖాళీ. మొహం మారింది.

మొదటి దెబ్బ కత్తి పిడితో. పెదవి చిట్లింది. రెండోది కడుపులో. ఆమె గోడ పక్కకు పడింది. చేతికి ఏదో ఇనుము తగిలింది. బట్ట కొలిచే మీటరు బద్ద. రెండు చేతులతో ఊపి కొట్టింది. శశిధర్ ముక్కు ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినబడింది.

"ముసలి ముండా..."

కత్తి దిగింది. పక్కటెముకల కింద. చల్లగా. తర్వాత వేడిగా.

"ఎక్కడుంది?"

రేణుక నోట్లోని రక్తం అతని చొక్కా మీద ఉమ్మింది.

కత్తి బయటికి వచ్చింది. మళ్ళీ లేచింది.

కింద గడియ తీసిన చప్పుడు!

"అక్కా?"

లేత గొంతు. మెట్లెక్కి వస్తోంది.

"అక్కా, నన్నే పిలిచినారు కదా? మీ గొంతు విని తలుపు తీసినా..."

గుమ్మంలో హరిణి. భుజం మీద టేపు, వేళ్ళ మధ్య ఇంకా సూది దారం.

శశిధర్ వెనక్కి తిరిగాడు. విరిగిన ముక్కుతోనే నవ్వాడు. ఆ పిల్ల గడప దగ్గరే నిలబడిపోయింది.

అతను ఒక అడుగు వేశాడు. రెండు.

మూడో అడుగు పడలేదు.

వెనక నుంచి రెండు చేతులు అతని నడుముకు చుట్టుకున్నాయి. ఇరవై ఏళ్ళు చీరల మూటలు మోసిన చేతులు. అతను కత్తితో ఆ ముంజేతుల్ని పొడుస్తున్నాడు. పొడుస్తూనే ఉన్నాడు. పట్టు వదలడం లేదు. వెనక్కి ఒక అడుగు. ఇంకొకటి.

"వదులు! వెనక గోడ లేదే..."

"తెలుసప్పా," అంది రేణుక అతని చెవిలో. "నిన్ను పైకి తెచ్చింది నేనే. కిందికీ నేనే తీసకపోతా."

ఆమె మడమ కింద నేల అయిపోయింది.