రెండుసార్లు కొడితే బాగున్నట్టు

మా తమ్ముడికి విమానం కట్టే పిచ్చి ఉందని మా వీధి వీధంతటికీ తెలుసు. ఆ పిచ్చికి ఇంకో పిచ్చి ఎక్కడ తోడైందో మాత్రం నాకొక్కదానికే తెలుసు. ఆ రోజు నేను పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాను మరి!

నాకప్పుడు ఏడో నెల. మావారిది ఓడ మీద ఉద్యోగం కావడంతో పుట్టింట్లోనే ఉన్నాను. డాక్టరమ్మ రోజూ నడవమంది. "పదక్కా, మీటర్లు బాగుచేసే షాపు దాకా నడుద్దాం" అని తమ్ముడు ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని బయల్దేరాడు.

పెట్టెలో మూడు గుండ్రటి పాత మీటర్లున్నాయి. ఒకటి విమానం వేగం చూపించేది, ఒకటి ఎత్తు చూపించేది, మూడోది దిక్సూచి. విమానం సామాను అమ్మినాయన ఊరికే ఇచ్చాడు. మా వాడికేమో అవి అక్కర్లేదట.

షాపులో ఒక అమ్మాయి కంటికి భూతద్దం బిగించుకుని, వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో పట్టుకుని ఉంది. తల కూడా ఎత్తలేదు.

"ఇవి తీసుకుంటారా?" అన్నాడు తమ్ముడు.

"పాడయ్యాయా?"

"లేదండీ. నాకు అవసరం లేదు. నా విమానంలో పెద్ద స్క్రీన్ పెడుతున్నా. వేగం, ఎత్తు, దిక్కు, మ్యాపు అన్నీ అందులోనే."

"స్క్రీన్ ఆరిపోతే?"

"పక్కన చిన్న స్క్రీన్ ఉంటుంది. బ్యాకప్!"

"దానికి కరెంటు ఎక్కణ్ణుంచి?"

మా వాడు కాస్త తగ్గాడు. "అదే బ్యాటరీ."

"గాలి వేగం కొలవడానికి రెక్క కింద గొట్టం ఉండాలిగా. అది?"

"అదీ... అదే గొట్టం."

అప్పుడు తలెత్తింది. భూతద్దం వెనక ఒక కన్ను ఇంతైంది. "అంటే ఒకే స్ట్రా పెట్టుకుని ఇద్దరు తాగుతున్నారన్నమాట. అందులో ఈగ పడితే ఇద్దరికీ గొంతెండటమే. రెండు స్క్రీన్లూ పోతే ఏం చూస్తారు?"

"దేవుణ్ణి చూస్తా!" అన్నాడు తమ్ముడు ఉక్రోషంగా.

"చూస్తారు, చూస్తారు. త్వరగానే చూస్తారు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. నా పొట్టలో ఉన్నదానికీ నవ్వొచ్చిందేమో, ఒక తన్ను తన్నింది.

"ఇలాంటి విమానం నేను చచ్చినా ఎక్కను" అందామె.

"మిమ్మల్ని ఎవరెక్కమన్నారండీ?" అని మా వాడు విసవిసా బయటికి వచ్చేశాడు. పెట్టె అక్కడే వదిలేశాడు. ఆ మాటకొస్తే నన్నూ వదిలేశాడు.

దారంతా ఒకటే గొణుగుడు. "ఎంత పొగరక్కా! నాకు పాఠాలు చెబుతుందా?"

"అవున్రా, బొత్తిగా పొగరే. అయినా షాపు ఆదివారం తెరిచి ఉంటుందో లేదో అడగాల్సింది."

"ఉంటుంది. బోర్డు మీద చూశా" అని నాలిక్కరుచుకున్నాడు.

ఆదివారం దాకా ఆగక్కర్లేకపోయింది. రెండు రోజులకి ఆమే పెట్టె పట్టుకుని విమానం కట్టే మా షెడ్డుకి వచ్చింది.

"మర్చిపోయి వెళ్లారు. ఎత్తు మీటర్లో లీకు ఉంది, సరిచేశాను" అంది. కళ్లు మాత్రం విమానం మీదే ఉన్నాయి. అప్పటికి రెక్కలు గోడకి ఆనించి ఉన్నాయి. మధ్యలో వెండిలా మెరిసే రేకుల తోక, సగం మూసి, సగం తెరిచి ఉంది.

"చెక్కతో కట్టొచ్చుగా? ఫైబరైతే ఇంకా నున్నగా వస్తుంది. రేకే ఎందుకు?" అని అడిగింది.

మా వాడు ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు లేచి నిలబడ్డాడు. "చెక్కకి జిగురు పెడతాం. ఆ జిగురు సరిగ్గా పట్టిందో లేదో మూసేశాక కనపడదు. ఫైబర్ పొరల మధ్య గాలి ఉండిపోయినా అంతే. రేకు అలా కాదు. రేకుల్ని కలిపి బిగించే రివెట్ చెడితే కంటికి కనపడుతుంది. పీకేసి మళ్లీ కొట్టుకోవచ్చు. నాకు తప్పు చేయనన్న నమ్మకం లేదండీ. చేసిన తప్పు కనపడాలి, దిద్దుకునే వీలుండాలి. అంతే."

ఆమె రేకు మీద అరచెయ్యి ఆనించి, తోక పొడవునా ఒకసారి మెల్లగా నిమిరింది. మా తమ్ముడు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. వీడి పని అయిపోయిందనుకున్నాను నేను.

చెప్పొద్దూ, అసలు చిక్కు వేరే ఉంది. రివెట్ కొట్టడం ఒక్కరి పని కాదు. బయట ఒకరు రివెట్ గన్‌తో కొడుతుంటే, లోపల ఒకరు ఇనుప దిమ్మ అదిమి పట్టుకోవాలి. ఒకరికొకరు కనపడరు. అప్పటిదాకా ఆ లోపలి మనిషిని నేనే. ఇప్పుడు నా పొట్ట తోకలో పట్టడం మానేసింది.

"నేను పట్టుకోనా?" అందామె. మా వాడు కాదంటాడా!

కుర్చీలో కూర్చుని నేనే పాఠం చెప్పాను. "రివెట్ లోపలి వైపు ఎలా అణిగిందో నీకే కనపడుతుంది, వాడికి కనపడదు. గన్ మోతలో మాటలు వినపడవు. అందుకని రేకు మీద దిమ్మతో కొట్టి చెప్పాలి. ఒక్కసారి కొడితే, చాల్లేదు, ఇంకాస్త కొట్టు అని. రెండుసార్లు కొడితే, బాగుంది, తర్వాతది కానీయ్ అని. మూడుసార్లు కొడితే, చెడింది, పీకెయ్యమని."

"సరే అక్కా."

"అక్కా అనకమ్మా. వాడికీ అక్కనై, నీకూ అక్కనైతే వరస చెడుతుంది."

ఆమె ఎర్రబడి తోకలో దూరిపోయింది. మా వాడు గన్ తలకిందులుగా పట్టుకుని నిలబడ్డాడు.

అలా మొదలైంది. గన్ గడగడమనేది, లోపల్నుంచి టక్ టక్. మళ్లీ గడగడ, మళ్లీ టక్ టక్. మధ్యలో పోట్లాటలు. పోట్లాడి పోట్లాడి ఆమె ఆ మూడు మీటర్లకీ చోటు సంపాదించింది. "వీటికి బ్యాటరీ అక్కర్లేదు. స్క్రీన్ పోయినా ఇవి బతికే ఉంటాయి. కానీ వేగం మీటర్‌కి వేరే గొట్టం పెట్టండి" అనేది. మా వాడు "రెండో రెక్కకీ బెజ్జం పెట్టాలా? చూద్దాం లెండి" అని దాటేసేవాడు.

వాన పడితే చాలు, ఆమె గొడుగు మర్చిపోయేది. మా వాడు తనది ఇచ్చేవాడు. తిరిగివ్వడానికి మర్నాడు మళ్లీ వచ్చేది. ఆ గొడుగు మా ఇంట్లో కంటే దారిలోనే ఎక్కువ కాపురం చేసింది.

మా అమ్మ మాత్రం షెడ్డు గడప తొక్కలేదు. "కొడుకుని చంపే డబ్బా ఉన్న చోటికి నేను రాను" అనేది.

ఇంతలో ఆ పాడు రోజు వచ్చింది.

మర్నాడు విమానం తనిఖీకి ఇన్‌స్పెక్టర్ వస్తానన్నాడు. ఆయన దొరకడమే గగనం, తప్పిపోతే మళ్లీ ఎప్పుడో. తోకలో చివరి వరస మిగిలింది. పైన రేకుల కప్పు మీద వాన దంచుతోంది. మా వాడు ఊపిరాడనట్టు గన్ కొడుతున్నాడు. గడగడ, టక్ టక్. గడగడ, టక్ టక్.

గడగడ. టక్ టక్ టక్.

మా వాడి చెయ్యి ఆగింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆగింది! తర్వాత పక్క రివెట్ మీదికి గన్ జరిపి మళ్లీ మొదలెట్టాడు.

లోపల్నుంచి ఇంకోసారి మూడు దెబ్బలు పడ్డాయి. ఇంకా గట్టిగా. వాడు ఆపలేదు. ఆఖరికి ఆమె పాక్కుంటూ బయటికి వచ్చింది. జుట్టు నిండా రేకు పొడి.

"మూడుసార్లు కొట్టాను."

"వానలో వినపడలేదండీ" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

ఆమె నా వైపు తిరిగింది. "మీకు వినపడిందా?"

నా పరిస్థితి ఏమని చెప్పను! ఒకపక్క నా తోడబుట్టినవాడు, గడ్డం కింద చెమటతో, కళ్లతోనే బతిమాలుతున్నాడు. అవునంటే ఈ పిల్ల వెళ్లిపోతుంది. కాదంటే ఆ రివెట్ వాడితోపాటు పైకి వెళుతుంది.

"వినపడిందమ్మా" అన్నాను. "వాడికీ వినపడింది."

"వందల్లో ఒక్కటి! ఒక్క రివెట్!" అని అరిచాడు తమ్ముడు. "రేపు ఆయన రాకపోతే ఇంక ఈ ఏడాది అయినట్టే."

"రివెట్ గురించి కాదు" అందామె. "లోపల నాకు కనపడేది మీకు కనపడదు. నేను చెప్పింది నమ్మనప్పుడు నన్ను లోపలికి ఎందుకు పంపారు? తప్పు కనపడాలని రేకు ఎంచుకున్నానన్నారే. కనపడితే ఇదా మీరు చేసేది?"

గొడుగు అక్కడే ఉంది. తీసుకోకుండానే వానలో వెళ్లిపోయింది.

ఆ రోజు వాడిని నేను తిట్టలేదు. తిడితే వాడి మనసు తేలికపడిపోతుంది. కుర్చీలో కూర్చుని ఊరికే చూస్తూ ఉన్నాను. చాలాసేపటికి ఫోన్ తీసి, "సార్, రేపు రావద్దండీ. నా పని బాగాలేదు" అని చెప్పాడు ఇన్‌స్పెక్టర్‌కి. తర్వాత డ్రిల్లు పట్టుకున్నాడు. చెడిన ఒక్కదాన్నే కాదు, ఆ వరస వరసంతా పీకేశాడు. వాడి కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టు నటించాను.

వారమైనా ఆమె రాలేదు. వాడు మీటర్ల షాపు దాకా వెళ్లడం, బోర్డు చదివి తిరిగి రావడం. చివరికి ఒకరోజు పీకిన రివెట్లన్నీ గుప్పిట్లో పట్టుకుని లోపలికి వెళ్లాడు. నేను వెనకే ఉన్నాను, నడక డాక్టరమ్మ చెప్పింది కదా!

వాటిని బల్ల మీద పోశాడు. "మొత్తం పీకేశానండీ. ఇన్‌స్పెక్టర్‌ని రావద్దన్నాను. మీరు రాకపోయినా వేరేవాళ్లని పెట్టుకుని సరిగ్గానే కొడతాను. అది చెప్పడానికే వచ్చాను."

ఆమె ఒక వంకర రివెట్ తీసి భూతద్దంలో చూసింది. "ఇదే అది" అంది. దాన్ని పక్కన పెట్టి, "వేరేవాళ్లు ఎందుకు?" అంది.

మర్నాడు ఆమె వస్తూనే గన్ చేతిలోకి తీసుకుంది. "ఈసారి మీరు లోపలికి వెళ్లండి. అక్కడ ఎలా ఉంటుందో తెలియాలి."

అంత పొడుగు మనిషి ముడుచుకుని తోకలో దూరాడు. బూట్లు మాత్రం బయటికి కనపడుతున్నాయి. గడగడ, టక్ టక్. వరసంతా అయిపోయింది. ఆమె గన్ కింద పెట్టింది.

"అయిపోయింది, రండి."

"రాను."

"ఇరుక్కుపోయారా?"

"కాదు. బయటికొస్తే నీ మొహం చూసి అన్నీ మర్చిపోతా. ఇక్కణ్ణుంచే చెప్తా."

మీరు పోయి నువ్వు వచ్చేసింది. నేను చెవులు రిక్కించాను.

"రెండో సీట్లో నువ్వు కూర్చోవాలి" అంది తోక.

ఆమె నా వైపు చూసింది. నేను కప్పు వైపు చూశాను. వేలు మడిచి రేకు మీద ఒక్కసారి కొట్టింది. టక్.

బూట్లు కదిలాయి. ఒక్కసారి కొడితే ఇంకాస్త అని కదా! "అంటే... రెండో గొట్టం పెట్టేశాను. కుడి రెక్క కింద. నువ్వు చెప్పినట్టే, మీటర్‌కి వేరుగా."

టక్.

"ఇంకానా? ఆ రోజు నాకు వినపడింది. మొదటిసారే వినపడింది. అబద్ధమాడాను. తప్పయిపోయింది."

టక్.

"నాకు నువ్వంటే ఇష్టం!" తోక మొత్తం ఖంగున మోగింది. "ఇది ఎగిరినా ఇష్టమే, ఎగరకపోయినా ఇష్టమే. నువ్వు రాని వారం రోజులూ చేతిలో సుత్తి పెట్టుకుని సుత్తి కోసం వెతికాను. చాలా? కాలు తిమ్మిరెక్కింది ఇక్కడ!"

ఆమె చెయ్యి లేచింది. టక్. కాస్త ఆగి, ఇంకోటి. టక్. మూడోది పడుతుందేమోనని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. పడలేదు. ఆమె అరచెయ్యి రేకు మీద అలాగే ఆనించి, నుదురు కూడా ఆనించింది.

"ఏమిటే ఆ కొట్టుడు?" అని గుమ్మంలోంచి గొంతు. నన్ను తీసుకెళ్లడానికి గొడుగు పట్టుకుని మా అమ్మ!

"సంబంధం కుదిరిందమ్మా" అన్నాను.

అమ్మ బూట్ల వైపు చూసింది. "సంబంధం మాట్లాడేవాడు తోకలో దూరి మాట్లాడతాడా? బయటికి రమ్మను ముందు."

అంటూనే గడప దాటింది. మొట్టమొదటిసారి ఆ డబ్బా దగ్గరికి వచ్చి, వేలి కొసతో ముట్టుకుంది. "ఇది పడిపోదు కదమ్మా?" అని అడిగింది, కొడుకుని కాదు, ఆ పిల్లని.

"దీనిలో ప్రతి రివెట్టూ మేమిద్దరం చూశామండీ. బాగాలేనిది పీకేశాం. నేనూ ఎక్కుతాను."

అమ్మ ఆమె జుట్టులోని రేకు పొడి దులిపింది. "మీ నాన్నగారు ఇంట్లో ఎప్పుడుంటారు?" అంది.

కొత్త విమానాన్ని కొన్నాళ్లు ఒంటరిగానే నడపాలట, రూలు. అది పూర్తయ్యేసరికి నా కూతురు బోర్లా పడుతోంది. ఆమె రెండో సీటెక్కిన రోజు మేమంతా రన్‌వే పక్క గడ్డిలో నిలబడ్డాం. అమ్మ కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు, ఒక్క రెప్ప కూడా వేయలేదు. చుక్కంత అయింది, మళ్లీ పెద్దదైంది, సాఫీగా దిగింది.

మా తమ్ముడి మొహం పాలిపోయి ఉంది. ఆమె మాత్రం పడీ పడీ నవ్వుతూ నా వైపు పరిగెత్తుకొచ్చింది.

"వదినా! పైకెళ్లాక రెండు స్క్రీన్లూ నేనే ఆపేశాను!"

వదినా అంది. మొదటిసారి.

"చెప్పకుండా ఆపేసిందక్కా!" అన్నాడు తమ్ముడు.

"అయినా దేవుణ్ణి చూడలేదు వదినా. నా మూడు మీటర్లనీ చూసుకుంటూ ఒక్క కుదుపు లేకుండా దింపాడు."

బిడ్డని ఆమె చేతికిచ్చి, మా వాడి వీపు మీద రెండుసార్లు తట్టాను.