సోమవారం సూప్

"సాయికృష్ణ కొలోన్ చేరాడట. నువ్వూ అక్కడికి బయల్దేరు," అన్నాడు చీఫ్ రవీంద్రనాథ్ సీక్రెట్ లైన్‌లో.

ఏజెంట్ కమలాకర్‌కి ఒళ్ళు మండింది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో చిప్ రీసెర్చ్ చేసే కుర్రాడు సాయికృష్ణ. డిజైన్ దొంగిలించమని వేధిస్తున్న విదేశీ ముఠాకి భయపడి, డెగ్గెన్‌డార్ఫ్ దగ్గర ఏదో పల్లెటూరి పబ్బులో దాక్కున్నానని డిపార్ట్‌మెంట్‌కి మెసేజ్ పెట్టాడు. అప్పట్నుంచీ కమలాకర్ ఈక టోపీతో, టూరిస్టు వేషంలో, ఊరూరా పబ్బులు గాలిస్తున్నాడు. చీఫ్ మాత్రం ఆ కుర్రాణ్ణి 'అసెట్' అంటాడు. అతను పోతే ఫైలు మూసేసి కాఫీ తాగుతాడు.

బయల్దేరే ముందు అడుగుపెట్టిన ఆఖరి పబ్బులో వైశాలి ఎదురుచూస్తోంది. కుర్రాణ్ణి కాపాడమని డిపార్ట్‌మెంట్ పంపిన ఏజెంట్. ఎర్ర కోటు, ఖరీదైన సెంటు. కొలోన్ కబురు చీఫ్‌కి చేర్చింది ఆమే.

"సోమవారం మధ్యాహ్నం ఇదే బల్ల దగ్గర వేడివేడి సూప్ తాగించానండీ. పాపం, ఎంత ఆకలితో ఉన్నాడో. తర్వాత కొలోన్ రైలెక్కించాను."

కమలాకర్ గ్లాసు కింద పెట్టాడు. సోమవారం మధ్యాహ్నం వానలో, నకనకలాడే కడుపుతో, ఈ తలుపునే గుంజి గుంజి వదిలాడు. 'సోమవారం రూహెటాగ్' అనే బోర్డు వెక్కిరించింది. వారానికో రోజు తాళం వేసుకోవడం ఈ పల్లె పబ్బుల ఆచారం. ఆ రోజు ఆకలికి తిట్టిన తిట్లన్నీ ఇంకా గుర్తున్నాయి.

"సోమవారం ఈ పబ్బుకి సెలవు. వాణ్ణి ఎవరికి అమ్మావు?"

అతని మాటలో మర్యాద పోయింది. వైశాలి చూపు కిటికీ వైపు వెళ్ళింది. బయట ఆమె కోసం ఆగిన నల్ల కారు, వెనక సీట్లో ఓ కుర్రాడి తల. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయేలోపే కమలాకర్ బల్ల ఎత్తి ఆమె మీదికి తోసేశాడు. పిస్టల్ జారి అతని కాళ్ళ దగ్గర పడింది. అది అందుకుని బయటికి ఉరికాడు.

డ్రైవర్ స్టార్ట్ బటన్ మీద వేలు పెడుతున్నాడు. కారు కదిలితే బోర్డర్ దాటేస్తుంది, కుర్రాడు మళ్ళీ దొరకడు. కమలాకర్ జేబులోని పెన్ను నొక్కాడు. అందులోని జామర్ కారు తాళంచెవి సిగ్నల్‌ని చంపేసింది. డ్రైవర్ బటన్ పొడుస్తూనే ఉన్నాడు, ఇంజన్ పలకలేదు. కణతకి పిస్టల్ ఆనాక మానేశాడు.

వెనక సీట్లో చేతులు కట్టేసి ఉన్న సాయికృష్ణ వణుకుతున్నాడు.

"అన్నా, మా అమ్మకు మాత్రం చెప్పకుర్రి."

 కమలాకర్ కట్లు విప్పాడు.

జర్మన్ పోలీసులు వైశాలినీ, డ్రైవర్‌నీ తీసుకెళ్ళాక చీఫ్ ఫోన్ చేశాడు. అసెట్ సేఫ్ అన్నమాట, శభాష్, సోమవారం బెర్లిన్‌లో డీబ్రీఫింగ్ అన్నాడు.

"వాడి పేరు సాయికృష్ణ. సోమవారం నాకు రూహెటాగ్, సర్."

ఫోన్ కట్ చేసి, కుర్రాడికి సూప్ చెప్పాడు.