బిగపట్టిన ఇల్లు

నాయనమ్మ చెవిన "కత్తి" పడింది.

మామూలుగా ఆవిడ చెవిన ఏ మాటా పూర్తిగా పడదు. సగం పడుతుంది, మిగతా సగం ఆవిడే పూరించుకుంటుంది. ఆ ఉదయం కోడలు వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "అవునండీ, ఇవాళ పదింటికే తీసుకొస్తాను... కత్తి... అదే, ఆ కండరాలకే... లేదండీ, వాళ్ల నాన్నకి ఇంకా చెప్పలేదు."

కుళాయి ఆగింది. నాయనమ్మ గుండె కూడా ఆగినంత పనైంది.

ఆ ఇంట్లో కోడి లేదు గానీ కూత ఉంది. దూరప్రయాణాల బస్సు నడిపే నాయనమ్మ కొడుకు, సెలవు రోజున కూడా ఏడింటికల్లా బాత్రూం తలుపు ముందు నిలబడి కూస్తాడు. ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా చప్పట్లు కొట్టి, "ఆఖరి పిలుపు! వెళ్లేవాళ్లు ఇప్పుడే వెళ్లండి. మళ్లీ దిగేది చేరాకే!" అంటాడు. ఆయన ప్రయాణంలో ఊళ్లు రావచ్చు, వంతెనలు రావచ్చు, నిద్ర రావచ్చు. మూత్రం మాత్రం రాకూడదు. పెళ్లైన కొత్తలో ఆయన భార్య ఒకసారి దారిలో ఆపమని అడిగి, ఆ సంగతి పదేళ్లపాటు చుట్టాలందరి నోటా వింది. మళ్లీ అడగలేదు.

ఈ చట్టం చేసింది నాయనమ్మే. ముప్పై ఏళ్లు బస్టాండులో టికెట్లు అమ్మిన మనిషి. "ఆపుకోవడం మన ఇంటి ఆస్తి రా," అని కొడుక్కి చెప్పింది, మనవరాలికీ చెప్పింది. ఆ ఆస్తి మాత్రం పంపకాల్లో ఎవరికీ తక్కువ కాకుండా అందింది.

మనవరాలి అసలు పేరు బడి రిజిస్టర్లో ఉంటుంది. ఇంట్లో మాత్రం చేప. పదిహేడేళ్ల పిల్ల, బడి ఈత జట్టులో మొదటి వరసలో ఉండేది. ఉండేది అనడం ఎందుకంటే, చేప నీళ్లు వదిలి మూడు వారాలైంది. దండెం మీద వేలాడుతున్న ఈత దుస్తులు ఆరడం దాటి ఎండిపోయాయి. పోటీలకి నెల కూడా లేదు. అడిగితే "తలనొప్పి" అంటుంది. మూడు వారాల తలనొప్పికి తల కూడా అలిసిపోతుంది కదా!

ఆ తలనొప్పినీ ఈ కత్తినీ నాయనమ్మ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంది. నేరుగా కొడుకు దగ్గరికెళ్లింది. ఆయన మెట్ల మీద కూచుని బూట్లు తుడుచుకుంటున్నాడు.

"ఒరేయ్, నీ కూతుర్ని ఇవాళ కోస్తున్నారు."

"ఏం కోస్తున్నారు?"

"కత్తి అంది నీ పెళ్లాం. చెవులారా విన్నాను. నీకు చెప్పలేదని కూడా చెప్పింది."

బూటు ఒకటి కాలికి, రెండోది చేతికి. అలాగే లోపలికి వచ్చాడాయన.

"ఏమిటిది? నాకు తెలియకుండా నా కూతురికి ఆపరేషనా?"

కోడలు దర్జీ. కుట్టుమిషన్ ముందు కూచుని ఎవరివో చొక్కా చేతులు కుడుతోంది. మొగుడి గొంతు విని కాలు ఆపింది. "ఆపరేషన్ ఎవరికండీ?"

"అమ్మ విందట. కత్తీ గిత్తీ అన్నావట."

ఆవిడ ఒక క్షణం అత్తగారి మొహం వంక చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "కత్తి కాదు అత్తయ్యా. కటి. కటి కండరాలు. నడుము కింద, తొడల మధ్య, లోపల ఊయలలా పట్టుకుని ఉండే కండరాలు. వాటికి వ్యాయామం చేయించే ఆవిడ దగ్గరికి వెళ్తున్నాం. కోతా లేదు, కుట్టూ లేదు. ఆ రెండూ నా మిషన్ దగ్గరే."

కత్తి పోయింది గానీ గొడవ పోలేదు. కత్తి అయితే ఎక్కడ పెడతారో తెలుసు. ఈ కటి సంగతి ఆయనకి మరీ కంగారుగా అనిపించింది.

"పదిహేడేళ్ల పిల్లకి అక్కడేం జబ్బు? నాతో చెప్పకుండా దాచాల్సినంత ఏముంది?"

"మీరిలా అరుస్తారనే దాచాం."

"నేను అరవట్లేదు!" అని అరిచాడు.

"అన్నీ నీ పెంపకం, అమ్మాయ్," నాయనమ్మ అందుకుంది. "ఆ కురచ బట్టలేసి నీళ్లలో దూకనివ్వొద్దంటే విన్నావా?"

లోపలి గది తలుపు తెరుచుకుంది. చేప గుమ్మంలో నిలబడింది. రెండు చేతులూ పొట్ట మీద బిగించి ఉన్నాయి. భుజాలు చెవుల దాకా ఎక్కి ఉన్నాయి.

"నాయనమ్మా, బట్టలది కాదు తప్పు. అమ్మదీ కాదు. నేను చెప్తాను. మధ్యలో ఎవరూ మాట్లాడొద్దు. మాట్లాడితే మళ్లీ చెప్పలేను."

నాయనమ్మ చెవి ఒగ్గి ఒక అడుగు ముందుకు వేసింది.

"పోటీల తేదీ నా నెలసరి రోజుల్లో పడుతుంది. జట్టులో అందరూ టాంపాన్ వాడతారు, నెత్తురు పీల్చే దూది చుట్ట. లోపల పెట్టుకుంటే నీళ్లలోకి దిగొచ్చు. నేను మూడుసార్లు ప్రయత్నించాను. గోడ. అక్కడ గోడ కట్టినట్టుంది. మంట, నొప్పి. మూడోసారి బట్టలు మార్చుకునే గదిలో కళ్లు తిరిగి పడిపోయాను. ఒకమ్మాయి 'నీకు దారే లేదేమోనే' అని నవ్వింది." చేప తండ్రి వైపు తిరిగింది. "నేను నిజమే అనుకున్నాను, నాన్నా. నన్ను తప్పుగా తయారుచేశారేమో అనుకున్నాను. ఇరవై రోజులు రోజూ అదే అనుకున్నాను."

డ్రైవరు చేతిలోని బూటు కింద పడింది.

"అమ్మకి చెప్తే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నన్ను ముట్టుకోలేదు. ముందు మాట్లాడింది. నువ్వు వద్దంటే పరీక్షే చేయను అంది. దీనికి పేరుంది, వెజైనిస్మస్ అంటారు అంది. ఏదైనా తగలబోతుంటే కన్ను మూసుకుంటుంది కదా, అలా ఆ చుట్టూ ఉన్న కండరాలు మనం చెప్పకుండానే బిగుసుకుపోతాయట. నొప్పికి భయం, భయానికి బిగువు, బిగువుకి మళ్లీ నొప్పి. దారి ఉంది, తలుపు బిగుసుకుంది, అంతే అంది."

"మరి ఆ వ్యాయామం ఆవిడ?" ఆయన గొంతు బాగా కిందికి దిగింది.

"పోయిన వారం మొదటిసారి వెళ్లాను. పడుకోబెట్టి ఊపిరి తీసుకోమంది. నా చెయ్యి నా పొట్ట మీదే పెట్టించింది. నా పొట్ట కదల్లేదు, నాన్నా! ఎప్పుడూ లోపలికి లాగే ఉంచుతానట, నాకే తెలీదు. వదలడం నేర్చుకోవాలి, నెలలు పట్టొచ్చు, తొందరేం లేదు అంది. తర్వాత రోజుకి ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్తావని అడిగింది." చేప కళ్లు నాయనమ్మ వైపు తిరిగి, నేల మీదికి దిగాయి. "పొద్దున ఒకసారి, బడి నుంచి వచ్చాక ఒకసారి అన్నాను. ఆవిడ రాసుకోవడం ఆపేసింది. చిన్నప్పట్నించీనా అంది. అవునన్నాను. అదొక్కటే కారణమని చెప్పలేను గానీ, ఆ కండరాలకి పాపం సెలవే లేదు అంది."

కోడలు నెమ్మదిగా లేచింది. "దారం బిగువు ఎక్కువైతే గుడ్డ ముడుచుకుపోతుందండీ. అప్పుడు గుడ్డని తిట్టం. దారం బిగించే మరని కాస్త వదులు చేస్తాం. అంతకన్నా ఏం లేదు ఇందులో."

నాయనమ్మ గోడ పట్టుకుని కుర్చీలో కూలబడింది.

"ఆ బస్టాండులో ఆడవాళ్లకి బాత్రూం లేదు," అంది. "ఎనిమిది గంటలు కిటికీ వెనక. పొద్దున్నించీ నీళ్లు ముట్టుకునేదాన్ని కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఒకరోజు... ఆగలేదే, తల్లీ. బట్టలు తడిసిపోయాయి. కిటికీ అవతల వరసలో నలభై మంది. నవ్వారు. వీడు ఆ కడుపులోనే ఉన్నాడు." కొడుకు వంక చెయ్యి చూపించింది. "నా పిల్లలకి ఆ గతి పట్టకూడదనుకున్నాను. అందుకని నేర్పాను. గొప్ప పని నేర్పాననుకున్నాను."

కొడుకు తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూచున్నాడు. యాభై ఏళ్లుగా తన ఇంటి గొప్ప అనుకుంటున్నది తల్లి అవమానమని ఆయనకి అప్పుడే తెలిసింది.

చేప వచ్చి నాయనమ్మ తలని తన పొట్టకి ఆనించుకుంది. "నీ తప్పు కాదు, నాయనమ్మా."

"నవ్విన ఆ పిల్ల ఎవత్తే? ఆ నలభై మందిలో ఒకరి మనవరాలే అయ్యుంటుంది," అంది ముసలావిడ ముక్కు చీదుతూ.

తొమ్మిదింపావుకి నలుగురూ పాత కారెక్కారు. ఆఖరి పిలుపు లేదు. డ్రైవరు చప్పట్లు కొట్టబోయి, రెండు చేతులూ ఏం చేయాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

సగం దారిలో వెనక సీట్లో కదలిక. అద్దంలోంచి చూశాడు. కూతురు పెదవి కొరుక్కుంటోంది. భుజాలు మళ్లీ పైకి ఎక్కుతున్నాయి. అడగాలా వద్దా అని ఆయన నోటిదాకా వచ్చిన మాట అక్కడే నిలబడింది. ఆపుకోవడం ఆయనకీ అలవాటే కదా.

"నాన్నా," అంది చేప. "ఆపు."

ఆయన పెట్రోలు బంకు పక్కకి తిప్పి ఆపేశాడు. వెనక హారన్లు మోగాయి. వాటిని చెవిన పెట్టలేదు.

చేప దిగింది. రెండడుగులు వేసిందో లేదో, ఇటువైపు తలుపు కూడా తెరుచుకుంది. నాయనమ్మ ఒక కాలు కింద పెట్టి, ఎవరి వంకా చూడకుండా అంది, "నాకూ వస్తోంది. పెట్రోలు కొట్టించుకునే వరసలో ఎంతమంది ఉన్నారో చూడు, నవ్వితే నవ్వనీ."

చేప వెనక్కి వచ్చి చెయ్యి అందించింది. ఇద్దరూ నెమ్మదిగా నడిచి వెళ్తుంటే డ్రైవరు స్టీరింగ్ మీద నుదురు ఆనించాడు. భార్య ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

చికిత్స గదికి చేరేసరికి పదీ ఇరవై. వ్యాయామం చేయించే ఆవిడ గడియారం చూసి, "ఆలస్యమైందేం?" అంది.

"కత్తి అనుకుని ఒక అరగంట కొట్టుకున్నామమ్మా," అని నాయనమ్మ మొదలుపెట్టింది. కటి కత్తి అయిన వైనమంతా చెప్పింది. గది బయట కూచున్న వాళ్లంతా విన్నారు, నవ్వారు. ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది ఆవిడే. చేప కూడా నవ్వింది. నవ్వుతుంటే పొట్ట మీద పెట్టుకున్న చెయ్యి పైకీ కిందికీ కదిలింది. అది ముందుగా చూసింది ఆ వ్యాయామం ఆవిడే.

"అదీ ఊపిరంటే," అంది. "మరి మిగతా ఆలస్యం?"

పాతికేళ్లలో ఒక్కసారి కూడా నిమిషం ఆలస్యం చేయని డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. ఎవరైనా బహుమతి గెలిచినప్పుడు చెప్పుకునేలా చెప్పాడు:

"దారిలో ఆగామమ్మా."