మూడో మిషన్ తలలో ఎవరో ఉన్నారు

ఆ రబ్బరు ఫ్యాక్టరీలో మూడో మిషన్ గురించి పగలు ఎవరూ మాట్లాడరు. రాత్రయితే అసలు మాట్లాడరు. అయినా ఆ కబురు ఊరందరికీ ఎలా చేరిందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

షెడ్డు చివర, రబ్బరు అంటుకోకుండా చల్లే తెల్ల పౌడరు గది పక్కన ఉంటుందది. లావుపాటి ఇనుప గొట్టం, దాని లోపల మనిషంత పొడవు స్క్రూ. ఒక పక్క నోట్లోకి రబ్బరు పట్టీలు అందిస్తే స్క్రూ వాటిని మెలితిప్పి, నలిపి, కలిపి ముందుకు తోస్తుంది. రెండో చివరని తల అంటారు. ఆ తలలోంచి వేడివేడిగా నల్లటి పైపు వస్తుంది.

ఆ స్క్రూలోనే పడి, దాన్ని నడిపే నిచ్చెన మేస్త్రీ పోయాడని చెప్పుకునేవాళ్ళు. నిచ్చెన లేకుండానే బల్బు మార్చేంత పొడుగు కాబట్టి ఆ పేరు. ముందు చెయ్యి చిక్కిందట... చేత్తో పాటు మనిషీ వెళ్ళాడట... ఆ రాత్రి పైపు ఎర్రగా వచ్చిందట. అన్నీ అటలే. కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు.

ఇదంతా మా బావ నాకు చెప్పింది. ఆ మిషన్ మీద రాత్రి షిఫ్టుకి ఎవరూ ముందుకు రాకపోతే ఆయన్ని పెట్టుకున్నారు. బావ పెద్ద ధైర్యవంతుడేమీ కాదు, బల్లి అరిస్తే మంచమెక్కే రకం. కానీ అప్పటికే మూడు ఉద్యోగాలు పోయాయి. "ఇదీ పోతే పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోతాను" అని అక్క తేల్చి చెప్పేసింది. ఆ పుట్టింట్లో ఉన్నది మేము, ఉన్నవి రెండు గదులు. అందుకని బావ ధైర్యంగా ఉండటం మా అందరికీ చాలా అవసరమైంది.

మొదటి రాత్రి టీ దాకా ఏమీ కాలేదు. టీ తాగి వచ్చి మిషన్ మళ్ళీ వేశాడు.

తలలోంచి... ఒక నిట్టూర్పు.

ఆ వెంటనే నల్లటి పైపు మీద... సన్నగా, మెరుస్తూ — ఎర్రటి చార.

తాగిన టీ అంతా బావకి చెమటగా బయటికొచ్చేసింది.

మర్నాడూ అంతే. టీకి ముందు పైపు బుద్ధిగా నల్లగా వస్తుంది. టీ తర్వాత నిట్టూర్పు, ఎర్రచార. దెయ్యానికి టీ టైము ఇంత కచ్చితంగా ఎలా తెలుసని బావకి అనుమానం రావాలి. రాలేదు. పాపం, పోయినాయనకి టీ అంటే ప్రాణమేమో అనుకుని, రోజూ షిఫ్టు మొదట్లోనే ఒక గ్లాసు తెచ్చి మిషన్ పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.

చారలున్న పైపుని కొనేదెవరు? మేనేజరు పిలిపించాడు. "ఇంకొక్క పైపు చుట్ట ఇలా వచ్చిందంటే నువ్విక రానక్కర్లేదు. పాతమనిషికి కబురు పెట్టాను" అన్నాడు. ఆ పాతమనిషెవరో బావ అడగలేదు. అడిగే స్థితిలో లేడు.

ఆ రాత్రి టీ మానేశాడు. మిషన్ ఆపితే కదా నిట్టూర్చేది! తెల్లారేదాకా ఆపకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

కరెంటు పోయింది.

షెడ్డంతా చీకటి. చల్లారుతున్న ఇనుము టిక్... టిక్... మంటోంది. గేటు వైపునించి వాచ్‌మన్ పెట్టిన కేక — ఆ వెనకే పరిగెడుతున్న చెప్పుల చప్పుడు. కాసేపటికి అదీ లేదు.

పౌడరు గదిలో ఏదో ధబ్బుమని పడింది.

కరెంటు వచ్చింది.

గుమ్మంలో... గుమ్మానికి తల తగలకుండా వంగి... నిలువెల్లా తెల్లగా...

"మేస్త్రీగారూ..." బావ రెండు చేతులూ జోడించాడు. "నాకు ఇద్దరు పిల్లలండీ..."

"నాకు నలుగురు. అయితే?" అంది ఆ ఆకారం. అని గట్టిగా తుమ్మింది. ఒంటి మీదనించి బోలెడు పౌడరు లేచింది.

దెయ్యాలు తుమ్మవని బావకి ఎవరూ చెప్పలేదు. అందుకని తుమ్ము విని ఇంకా భయపడ్డాడు. ఆ ఆకారం తిన్నగా వచ్చి, మిషన్ పక్కనున్న టీ గ్లాసెత్తి, చల్లారిన టీ గడగడా తాగేసింది.

"మేనేజరు రమ్మంటే రాత్రి బస్సుకి వచ్చాను. నన్ను చూడగానే వాచ్‌మన్ తాళంచెవులతో సహా పారిపోయాడు. వెనకదారిన వస్తే చీకట్లో పౌడరు బస్తా మీద పడింది. ఏమైందయ్యా మీకందరికీ?"

"మీరు... చచ్చిపోయారు కదండీ?"

"ఎవడన్నాడు?"

"అందరూనండీ. మీరు చచ్చిన చోటు ఈ తలలోనే ఉందని మిషన్ చూడటానికొచ్చిన ఇంజినీరుగారే అన్నారట. వాచ్‌మన్ చెవులారా విన్నాడట."

మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"డెడ్ స్పాట్ అన్నాడయ్యా ఆయన! ఎప్పుడో దీని మీద ఎర్ర పైపు ఆర్డరు తీశాం. స్క్రూ ఎంత కలిపినా, తలలో ఒక మూలకి పోయిన రబ్బరు మాత్రం కదలదు, కలవదు. అక్కడే కూర్చుని గట్టిపడుతుంది. ఆపి మళ్ళీ వేస్తే, ఆ కుదుపుకి కాస్త ఊడి బయటికొస్తుంది. చిక్కుకున్న గాలి కూడా బుస్సుమంటుంది. తల విప్పి శుభ్రం చెయ్యమన్నాడు ఆయన. ఆదివారం చూద్దామన్నాడు మేనేజరు."

ఆ ఆదివారం రానేలేదు. మేస్త్రీ అదే వారం కూతురి పురిటికని వెళ్ళి, అక్కడే వేరే పనిలో కుదురుకున్నాడు. ఒక ఇంగ్లీషు మాట, ఒక కనబడని మనిషి — రెండూ కలిపి జనం శవాన్ని తయారుచేశారు. మూడో మిషన్ కూడా ఏనాడూ అంత బాగా కలపలేదు.

ఇద్దరూ కలిసి తల విప్పారు. మూలలో పిడికిలంత ఎర్రటి ముద్ద. గోకి పారేసి, బిగించి, మిషన్ వేశారు. తెల్లారేదాకా పైపు నిగనిగలాడుతూ నల్లగా వచ్చింది.

పొద్దున్న మేనేజరు చుట్టలు చూసి మురిసిపోయాడు. "మేస్త్రీ, ఇవాళ్టినించి రాత్రి షిఫ్టు నీదే" అన్నాడు. బావ క్యారేజీ సర్దుకున్నాడు. పిల్లలతో గడప దిగుతున్న అక్క కళ్ళ ముందు కనబడి ఆయనకి ఏడుపొచ్చింది.

ఈలోగా పగటి షిఫ్టువాళ్ళు వచ్చి మేస్త్రీని తడిమి తడిమి చూస్తున్నారు. సరుకు మోసేవాడైతే సంతోషం పట్టలేకపోయాడు.

"అంటే ఆ రాత్రి నిజంగా నువ్వేనా అన్నా! నేను దెయ్యమనుకుని వారం రోజులు జ్వరంతో పడుకున్నాను కదా!"

"ఏ రాత్రి?"

"పోయిన నెల వానపడ్డ రాత్రి. పౌడరు గది గుమ్మంలో నించుని సిగరెట్టుకని నన్ను అగ్గిపెట్టె అడిగావే. తీసుకుని మళ్ళీ ఇవ్వనేలేదు."

మేస్త్రీ మొహంలో నవ్వు ఆగిపోయింది. ఒకసారి పౌడరు గది వైపు చూశాడు. మేనేజరు దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు. తిరిగొచ్చి సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"ఈ పని నీకే ఉంచమన్నాను" అన్నాడు బావతో.

బావ ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు. "నా పిల్లల కోసం ఇంత పని చేశారు..."

"పిల్లల కోసం కాదు నాయనా," మేస్త్రీ చుట్టూ చూసి, వంగి, బావ చెవిలో అన్నాడు. "నాకు సిగరెట్టు అలవాటు లేదు."