చాచిన గ్లవ్

పరదేశి తలకి తొడిగిన హెల్మెట్ మీద పచ్చదీపం వెలగగానే డాక్టర్ విశాలాక్షి తల ఊపింది. నూకరాజు చేతిలోని ఇత్తడి గంటను ఒక్కసారి మోగించాడు. కుర్చీలో కూర్చున్న అతని కనురెప్పలు అదిరాయి. అద్దాల గోడ అవతల నిలబడ్డ అభిమానులంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

ఆ గంట నూకరాజూ పరదేశీ ఆఖరిసారి తలపడ్డ బాక్సింగ్ రింగుదే. ఆ స్టేడియాన్ని సముద్రం మింగేసి చాలా కాలమైంది. విశాఖలో ఇప్పుడు అక్కడ పడవలు తిరుగుతున్నాయి. తగువు మాత్రం మునగలేదు.

తగువేమిటంటే, ఇరవై ఏళ్ళ కిందట ఆ పోటీ ఎనిమిదో రౌండులో నూకరాజు కాలు జారి పడ్డాడు. జారి పడితే ఓడినట్టు కాదు. రిఫరీ అతన్ని లేపి, గ్లవ్‌లు తుడిచి, కానివ్వండి అన్నాడు. అలాంటప్పుడు ఇద్దరూ ఒకసారి గ్లవ్‌లు తాకించుకుని మళ్ళీ మొదలుపెడతారు. అది రూలు కాదు, మర్యాద. ఛాంపియన్ పరదేశి ఎడమ చెయ్యి ముందుకు చాచాడు. నూకరాజు ఆ చేతి మీదుగా కుడిచేత్తో కణత మీద కొట్టాడు. పరదేశి కుప్పకూలాడు. ఆ రోజు టైటిల్ పోయింది, ఆ తర్వాత మెల్లమెల్లగా మతి కూడా పోయింది.

చెయ్యి చాచింది తాకించడానికా, ఏమార్చడానికా? ఈ ఒక్క ప్రశ్న మీద హార్బరు వీధుల్లో స్నేహాలు చెడ్డాయి, వియ్యాలు తప్పిపోయాయి. ఏమార్చడానికేనని నూకరాజు అందరితోనూ అన్నాడు. అంటూనే, పరదేశి మంచాన పడ్డ నాటి నుంచి రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకెళ్ళి చేత్తో తినిపించేవాడు. చూసినవాళ్ళు పుణ్యాత్ముడన్నారు. అది పుణ్యం కాదు, భయం. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు.

ఇక ఆ హెల్మెట్ యంత్రం సంగతి. దాని పేరు జాగృతి. అదేం చేస్తుందో డాక్టరు గారు వారం ముందే పరదేశి భార్య వరహాలును కూర్చోబెట్టుకుని చెప్పింది.

"జ్ఞాపకాలు చెరిగిపోవమ్మా. వాటి దగ్గరికి వెళ్ళే దారులు పిచ్చిమొక్కలు మొలిచి మూసుకుపోతాయి, అంతే. ఈ హెల్మెట్ అల్ట్రాసౌండ్‌తో ఒక దారిని శుభ్రం చేస్తుంది. ఆనాటి చప్పుడో వాసనో మనం అందిస్తే మెదడు ఆ దారి పట్టుకుని నడుస్తుంది. కానీ ఆయనున్న స్థితిలో ఒక్క దారే తెరవగలను, అదీ ఒక్కసారే. తెరిచాక మూయడం నా చేతిలో లేదు. ఏ జ్ఞాపకం కావాలో బాగా ఆలోచించి చెప్పండి."

వరహాలు ఆలోచించనే లేదు. "మా పెళ్ళి, తల్లీ. నేకపోతే మా పాప పుట్టిన రోజు. ఏదైనా పర్నేదు. నానెవులో ఆయనకి తెలిస్తే సాలు. రోజూ 'ఎవులమ్మా నువ్వు' అని అడుగుతాడు."

పక్కనే ఉన్న నూకరాజు గబుక్కున అడ్డుపడ్డాడు. "వదినా, అన్నియ్యకి పేణమంతా రింగు మీదే కదా. ఆ రౌండు మేలుకుంటే మిగతావన్నీ దాని ఎనకే వత్తాయి."

"ఆ హామీ నేనివ్వలేను," అంది డాక్టరు.

పరదేశి అభిమాన సంఘం పెద్ద కొండబాబు కూడా వంత పాడాడు. "ఊరు ఊరంతా ఇరవై ఏళ్ళుగా ఎదురుసూత్తంది, వదినమ్మా!"

వరహాలు నూకరాజు వైపు తిరిగింది. "ఇన్నేళ్ళు కూడెట్టినోడివి. నీ మాట కాదంటానేటి, నాయనా," అంది.

మిగతావి వస్తాయో రావో నూకరాజుకేం తెలుసు! అతనికి కావలసింది ఒక్కటే. ఏమార్చడానికే చాచానని పరదేశి నోటి నుంచి వింటే కంటినిండా నిద్రపోవచ్చు. తన నిద్ర కోసం ఆవిడ నోటి దగ్గరి ముద్ద లాక్కున్నాడు.

గంట మోత ఆగింది. పరదేశి లేచి నిలబడ్డాడు. స్పూను పట్టుకోలేక వణికే చేతులు గడ్డం దాకా లేచి బిగుసుకున్నాయి. భుజాలు లయగా ఊగాయి. అవతల ఎవడో ఈల వేశాడు. ఉన్నట్టుండి పరదేశి ఆగి, ఎవరో పడ్డట్టు నేలవైపు చూశాడు. "జారేవురా. దెబ్బ కాదు. లే, కంగారు పడకు."

తలెత్తి సూటిగా నూకరాజు కళ్ళలోకి చూశాడు. ఎడమ పిడికిలి ముందుకు చాచి, నవ్వాడు.

మరుక్షణం దెబ్బ తగిలినట్టు అతని తల పక్కకి విసురుగా తిరిగింది. కణత పట్టుకుని మోకాళ్ళ మీద కూలిపోయాడు. డాక్టరు పరుగెత్తి యంత్రం ఆపింది.

అవతల కొండబాబు వర్గం గంతులేసింది. నూకరాజు తరఫున ఇన్నేళ్ళు వాదించిన తవిటయ్య తల దించుకున్నాడు. ఎంతసేపు? టీ వచ్చేదాకా.

"అయితే మాత్రం, రిఫరీ కానిమ్మన్నాక సెయ్యి సాచడమేటి? ఛాంపియనన్నోడు అంత ఎర్రోడా?" అన్నాడు గ్లాసు అందుకుంటూ.

"ఎర్రితనం కాదురా, దాన్ని పెద్దమనిషితనం అంతారు!" అన్నాడు కొండబాబు.

"పెద్దమనిషితనానికి గుడి కట్టుకోండి. రింగులో ఎందుకూ?"

కాలర్లు పట్టుకున్నారు. మరో ఇరవై ఏళ్ళకి సరిపడా తగువు దొరికిందని ఉత్సాహంగా వీధిలోకి నడిచారు. నేలమీద కణత పట్టుకుని ఏడుస్తున్న మనిషిని ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు నూకరాజు చేపల పులుసు, అన్నం పట్టుకెళ్ళాడు. అంతకుముందు అతనెవరో తెలియకపోయినా పరదేశి చూడగానే నవ్వి నోరు తెరిచేవాడు. ఆ రోజు లేచి నిలబడ్డాడు. "జారేవురా. దెబ్బ కాదు. లే." ఎడమ పిడికిలి చాచాడు.

నూకరాజు క్యారేజీ కింద పెట్టి, తన పిడికిలిని ఆ పిడికిలికి తాకించాడు. ఇప్పుడైనా తాకిస్తే తర్వాతిది జరగదేమోనని పిచ్చి ఆశ. పరదేశి ముఖం వెలిగింది. అంతలోనే తల విసురుగా తిరిగింది. కణత పట్టుకుని కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఫోన్లో డాక్టరు గొంతు నీరసంగా పలికింది. "ఆ దారి అక్కడితో ఆగదండీ. మిమ్మల్ని చూసినప్పుడల్లా ఆయన చివరిదాకా నడవాల్సిందే."

అప్పటి నుంచి నూకరాజు క్యారేజీ గుమ్మంలో పెట్టి గోడ చాటున నిలబడుతున్నాడు. వరహాలు వచ్చి తీసుకుంటుంది. ఒకరోజు ఉండబట్టలేక, "ఎలాగున్నాడు, వదినా?" అని అడిగాడు.

"నువ్వు కనపడకపోతే బాగానే ఉంతాడు."

"నిన్ను... నిన్నేటైనా పోల్సుకుంతన్నాడా?"

వరహాలు క్యారేజీ చేతికి తగిలించుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే అతనికి భరించరానిదైంది.

"పొద్దున్న కూడా ఎవులమ్మా నువ్వని అడిగేడు. ఈ బూమ్మీద ఆయన పోల్చుకునేది నిన్నొక్కడినే, నాయనా," అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.