ఐదు వందల అభ్యంతరం

"ఐదు వందలా?"

ఆరాధన గొంతుకి, తిరువూరు బస్టాండు ఎదురు బేకరీలో ఎగ్ పఫ్‌లు తింటున్న నలుగురూ తలెత్తారు.

"మెల్లగా!" అన్నాడు ప్రేమ్ కిరణ్. "నెలకి. నీ సొంత ఖర్చుకి. చూడు, ఎంత నీట్‌గా వేశానో."

నీట్‌గానే వేశాడు. ప్రైవేటు స్కూల్లో లెక్కల సారు కదా, స్కేలు పెట్టి గీతలు కొట్టి మరీ వేశాడు. పెళ్ళయ్యాక ఇద్దరి జీతాలూ కలిపి నెల బడ్జెట్టు. అద్దె, సరుకులు, పాలు, చర్చి చందా, చీటీ. అన్నిటికంటే కింద రెండు గీతలు. 'కిరణ్ సొంత ఖర్చు: మూడు వేలు. ఆరాధనకి ఇచ్చేది: ఐదు వందలు.'

ఆమె ఆస్పత్రిలో నర్సు. పంతొమ్మిది వేలు తెస్తుంది. అతను ఇరవై ఒక్క వేలు. నిరుడు డెంగీ జ్వరంతో వచ్చి, సెలైన్ పెడుతుంటే "నొప్పి లేకుండా పొడవండి మేడమ్" అని గోల చేశాడు. "నొప్పి వద్దనుకుంటే ఇంటికెళ్ళి పడుకోండి సార్" అంది. ఆ నోటికే పడిపోయానని ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ నోరే మళ్ళీ తెరుచుకుంది.

"ఇచ్చేది అంటే?"

"అంటే, నేను నీకు ఇస్తాను."

"నా జీతంలోంచి నాకా?"

"అబ్బా! ఇద్దరిదీ ఒకటేగా ఆరా."

"ఒకటే అయితే నీకు మూడు వేలెందుకు?"

"బయట తిరిగేవాణ్ణి. డానీగాడితో టీలు, ఒకటి రెండు పార్టీలు, ఏదో ఉంటుంది. నీకేముంటాయి చెప్పు ఖర్చులు?"

ఆమె కాగితం లాక్కుంది. "నీ పెట్రోలు ఎక్కడ రాశావ్?"

"ఇంటి ఖర్చులో. ఉద్యోగానికి వెళ్ళాలిగా."

"నా ఆటో?"

కిరణ్ పఫ్ కొరికాడు. "నీ ఐదు వందల్లో."

"రానూ పోనూ ఇరవై. ఇరవై ఆరు రోజులకి ఐదు వందల ఇరవై. అంటే లెక్కల సారూ, ఉద్యోగానికెళ్ళినందుకు నెలనెలా నేనే నీకు ఇరవై బాకీ!"

పక్క బల్ల మీద ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆరాధనకి నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. మగాడి పెట్రోలు అవసరమట, ఆడదాని ఆటో సరదా అట! ఎవడు పెట్టాడీ రూలు? రాత్రి డ్యూటీలు చేసి, కాళ్ళు వాచేలా నిలబడి తెచ్చిన జీతంలోంచి ఈయన దయతలచి ఇస్తాడట. పైగా స్కేలు పెట్టి గీసి ఇస్తాడట.

హ్యాండ్‌బ్యాగ్ తీసి నూట పాతిక రూపాయలు లెక్కపెట్టి బల్ల మీద కొట్టింది.

"ఇది నువ్వు నాకిచ్చిన దాంట్లో ఒక వారం వాటా. రేపట్నుంచి నువ్వు బతుకు దీంతో. పెట్రోలు వదిలేస్తున్నా, పండగ చేసుకో. ఫోన్లోంచి డబ్బులు కొట్టకూడదు. చాలకపోతే నన్నడుగు. ఎందుకో చెప్పి అడుగు."

"ఏంటి, బెదిరింపా?"

"బెదిరింపు ఇంకా చెప్పలేదు. వచ్చే ఆదివారం మూడో ప్రకటన. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండని అయ్యగారు అడుగుతారుగా? నేను లేస్తా."

వాళ్ళ చర్చి సంఘంలో అది పద్ధతి. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రార్థనలో పెళ్ళికొడుకు పేరూ, పెళ్ళికూతురి పేరూ చదువుతారు. ఈ పెళ్ళి ఎందుకు జరగకూడదో తెలిసినవాళ్ళు లేచి చెప్పాలి. ఎవరూ లేవరు. రెండు ఆదివారాలు ఎవరూ లేవలేదు కూడా.

ఆమె విసురుగా బయటికొచ్చింది. వాన అందుకుంది. ఊచ విరిగిన తన గొడుగు లోపల కుర్చీకే వేలాడుతోంది. వెనక్కెళ్ళి తెచ్చుకోవడానికి కోపం ఒప్పుకోలేదు. తడుస్తూనే ఆటో ఎక్కింది.

సోమవారం ఫోన్ చేశాడు. "టీ మానేశా. తలనొప్పని డానీకి అబద్ధం చెప్పా. పాపం నీదే."

"తలనొప్పుంటే టీ తాగుతారు కిరణ్. అబద్ధం కూడా సరిగ్గా రాదా?"

మంగళవారం. "చెప్పు తెగింది. కుట్టించుకుంటే నలభై."

"తెగిన చెప్పు ఎవరిది? నీది. ఎవరి ఖర్చు? నీది."

"రాక్షసివే!"

"పెళ్ళి కానీ, అప్పుడు తెలుస్తుంది. అయితే కదా!"

బుధ, గురువారాలు ఫోన్ రాలేదు. వాన మాత్రం రోజూ వచ్చింది. తడిసిన యూనిఫాంతో డ్యూటీ ఎక్కినప్పుడల్లా గొడుగు గుర్తొచ్చి, గొడుగుతో పాటు అతను గుర్తొచ్చి, మళ్ళీ మండేది.

శుక్రవారం మధ్యాహ్నం ఆస్పత్రికే వచ్చాడు. ఆమె ఒక మామ్మకి బీపీ చూస్తోంది. వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అరవై రూపాయలు కావాలి."

"ఎందుకు?"

"కావాలి."

"అదే, ఎందుకు కావాలి?"

"ఇచ్చెయ్యమ్మా, పాపం," అంది మామ్మ.

"ఎందుకో చెప్పమను మామ్మా, ఇప్పుడే ఇస్తా."

కిరణ్ చెవులు ఎర్రబడ్డాయి. "చెప్పను! అన్నీ చెప్పాలా? సంపాదించుకునేవాణ్ణి, అరవై రూపాయలకి నిన్ను అడుక్కోవాలా?"

అనేశాక ఆగిపోయాడు. ఆ మాట అతని చెవినే పడింది.

"ఇంకోసారి అను," అంది ఆరాధన నెమ్మదిగా.

డబ్బులు తీసుకోలేదు. వెళ్ళిపోయాడు.

గెలిచినట్టుండాలి నిజానికి. లేదు. అర్థమైనవాడు నోరు తెరిచి తప్పయిందని ఒక్క ముక్క అనడేం? అంత పొగరా? శనివారం రాత్రి దాకా ఫోన్ వైపు చూసింది. మోగలేదు. సరే, లేస్తాను. ఇష్టం ఉంది, చాలా ఉంది. ఇష్టం ఉన్నంత మాత్రాన బతుకంతా 'ఎందుకు' అనే ప్రశ్నకి జవాబు చెప్పుకుంటూ గడపదు ఆరాధన.

ఆదివారం చర్చి నిండిపోయింది. ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క. కిరణ్ వాళ్ళమ్మ ప్రేమకుమారి, ఆరాధన ముందు వరసలోనే కూర్చుంది. పాస్టరు లాజరు అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని పేర్లు చదివారు.

"ఇది మూడోసారి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి."

ఆరాధన లేచి నిలబడింది. సంఘం మొత్తంలో కలకలం రేగింది. కానీ అందరూ చూస్తున్నది ఆమె వైపు కాదు. తల తిప్పింది. కుడి పక్క కిరణ్ కూడా నిలబడి ఉన్నాడు!

అయ్యగారు కళ్ళజోడు తీసేశారు. "మీ పెళ్ళికి మీకే అభ్యంతరమా?"

"పెళ్ళికూతురి మీద ఏం లేదండి," అన్నాడు కిరణ్. "పెళ్ళికొడుకు మీదే. లెక్క తప్పు చేశాడు. నాకు మూడు వేలు, తనకి ఐదు వందలు రాశా. ఐదు రోజులు బతికి చూశానండి దాంతో. డబ్బులు చాలకపోవడం కాదు, 'ఎందుకు' అని అడిగితే చచ్చిపోవాలనిపించింది. ఇంటికెళ్ళి అమ్మనడిగా, నాన్న నీ సొంతానికి ఎంత ఇచ్చేవాడమ్మా అని. నవ్వింది. ఆ నవ్వు నేను చూడలేకపోయాను."

ప్రేమకుమారి తల వంచుకుంది. రెడ్డిగూడెం తోటల్లో ముప్పై ఏళ్ళు మామిడికాయలు కోసిన మనిషి. కూలి డబ్బులు ఏ రోజువి ఆ రోజు మొగుడి చేతిలో పెట్టిన మనిషి.

"ఇది ఇంటి విషయం నాయనా," అన్నారు అయ్యగారు. "ఇంట్లో మాట్లాడుకోండి."

ముందు వరసలోంచి అయ్యగారి భార్యే అందుకుంది. "ఇంట్లో మాట్లాడితే ఎవరు వింటారండీ? ఇక్కడే తేలనివ్వండి!"

ఎడమ పక్కంతా నవ్వులు. ఆరాధన కిరణ్ వైపు తిరిగింది.

"చెరి రెండు వేలు. నీ పెట్రోలూ, నా ఆటో, రెండూ ఇంటి ఖర్చే. ఇచ్చేది అనే మాట ఉండకూడదు. ఎందుకని ఒకర్నొకరు అడగకూడదు."

"ఒప్పుకున్నా."

"అయితే నాకు అభ్యంతరం లేదండి అయ్యగారూ."

కూర్చోబోతుండగా ముందు వరసలో ప్రేమకుమారి లేచింది. కొడుకు వైపు చూడకుండా, గట్టిగా అంది. "నాక్కూడా ఓ వెయ్యి రాయరా అందులో. ఎందుకని అడక్కుండా."

"ఇంకెవరికైనా..." అనబోయి అయ్యగారు ఎడమ పక్కకి చూశారు. సగం మంది లేచేలా ఉన్నారు. గబగబా కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

బయట వాన కురుస్తోంది. మెట్ల మీద కిరణ్ గొడుగు విప్పాడు. ఆమెదే. విరిగిన ఊచకి రాగి తీగ చుట్టి ఉంది, వంకరటింకరగా.

"అరవై దీనికా?"

"బాగుచేసేవాడు అరవై అడిగాడు. నీకు తెలియకుండా చేయించి ఇద్దామనుకున్నా. ఎందుకో చెప్పేస్తే ఇంకేముంటుంది? స్కూల్ ల్యాబ్‌లో తీగ అడిగి తెచ్చి నేనే కట్టా."

గొడుగు ఒక పక్కకి వాలిపోయింది. నీళ్ళన్నీ అతని భుజం మీదే పడుతున్నాయి. ఆరాధన ఆ వంకర తీగని చూసింది, అతని తడిసిన చొక్కాని చూసింది. వారం రోజుల మంట ఎక్కడికి పోయిందో పోయింది.

"పద, టీ తాగుదాం."

"నా దగ్గర ఏడు రూపాయలే ఉన్నాయి."

"నా డబ్బులతో," అంది చేయి పట్టుకుని లాగుతూ. "ఎందుకని అడక్కు."