హేరోదు అంగీ

బుధవారం పొద్దున్నే డిటెక్టివ్ శివకుమారి ఆఫీసుకు వచ్చిన ఆడమనిషి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. చెప్పులు మెట్ల కిందే విడిచి వచ్చింది.

"అమ్మా, నేను దొంగను గాదు," అంది ముందుగా. పేరు తర్వాత చెప్పింది. నాగమ్మ. నల్లమల అంచున ఒక గూడెం. మార్కాపురంలో రూతమ్మ నడిపే డ్రామా డ్రెస్సుల దుకాణంలో ఆరేళ్లుగా పని.

బళ్ల వార్షికోత్సవాలకూ చర్చి నాటకాలకూ అక్కడ డ్రెస్సులు కిరాయికిస్తారు. అందులో క్రిస్మస్ నాటకంలోని హేరోదు రాజు అంగీ మాయమైంది. ఎర్ర మఖమల్, నిండా జరీ. మంగళవారమంతా దుకాణం తాళం నాగమ్మ దగ్గరే ఉంది.

"రూతమ్మక్క మరిది కొడుకు జీవన్ బాబు నడిబజార్లో నన్ను దొంగ అన్నాడమ్మా. సాయంత్రానికి అంగీ ఇయ్యకపోతే పోలీసులకు పట్టిస్తాడంట. ఇంకేం పని దొరుకుతాది నాకు? అడివోళ్లు ఇంతే అంటారు మా గూడేన్నంతా."

"రూతమ్మ గారు ఏమన్నారు?"

"అక్క ఏమన్లేదు. తల వంచుకొని నిలబడింది."

శివకుమారి లేచింది. వెనకే కృపావరం లేచాడు. కోర్టు గుమాస్తాగా రిటైరై ఆమెకు అసిస్టెంటుగా చేరిన పెద్దమనిషి. ఆమె తుమ్మినా అందులో ఏదో ఆచూకీ ఉందని నమ్ముతాడు.

దుకాణమంటే రూతమ్మ ఇంటి ముందు గదే. గోడల నిండా మేకులు, మేకుకో డ్రెస్సు. ఖాళీ మేకులు కొన్నింటికి మాత్రం పిల్లలు రాసుకునే పలకలు వేలాడుతున్నాయి.

"ఇదేంది, బడా?" అన్నాడు కృపావరం.

"మా ఆయన యోసేపు పలకల ఫ్యాక్టరీలో చేసినాడు, ఆయన పెట్టిన పద్ధతి," అంది రూతమ్మ. అరవై దాటిన మనిషి, గొంతు సన్నగా వచ్చింది. "డ్రెస్సు బయటికి పోతే ఆ మేకుకు పలక తగిలించి, ఏ ఊరికి పోయిందో రాస్తాం. తిరిగొచ్చినాక పలక తీసేస్తాం."

"పెద్దమ్మ పిచ్చి గానీ, ఫోనుండగా పలకలేంది?" అన్నాడు జీవన్ కుమార్. యోసేపు పోయాక కిరాయి బేరాలన్నీ చూస్తున్నది ఈ తమ్ముడి కొడుకే. "నేను పంపినవన్నీ ఫోన్లో ఉంటాయి. ఆ పలకలు నేనెప్పుడూ ముట్టుకోను."

హేరోదు అంగీ మేకుకూ పలక ఉంది. దాని మీద ఒక్క అక్షరం లేదు. శివకుమారి వేలితో రుద్ది చూసింది. బలపం పొడి కూడా అంటలేదు.

"ఇది ఎప్పటినుంచి ఉంది నాగమ్మా?"

"నిన్న పొద్దున తలుపు తీసి ఊడ్చేటప్పుడే ఉన్నదమ్మా. పలకుంది గదా, కిరాయికి పోయిందనుకుంటి. నాకు చదువు రాదు, రాసినారో లేదో చూడను. నేను బట్టలు మడిచిస్తా. పలక పెట్టేది, రాసేది అక్కే."

కృపావరానికి అందరి మీదా అనుమానమే. జీవన్ సోమవారం సాయంత్రం త్రిపురాంతకానికి డ్రెస్సులు తీసుకెళ్లి, మర్నాడు సాయంత్రం వచ్చాడు. ఆ మూటలో అంగీ లేదని ఎవరు చూశారు? డ్రామా మాస్టరు నరేంద్ర సోమవారం అంగీని కొలిచి వెళ్లాడు, మంగళవారం సాయంత్రం తీసుకుపోవడానికి వచ్చాడు. మధ్యలో ఒకసారి రాలేదని నమ్మకమేమిటి? రూతమ్మ మంగళవారం తెల్లారగానే తాళం నాగమ్మకిచ్చి, ప్రార్థన కూటానికి కొనకనమిట్ల బస్సెక్కి, సాయంత్రానికి తిరిగొచ్చింది.

శివకుమారి నరేంద్రను పిలిపించింది. "కొలతలెందుకు తీసుకున్నారు?"

"మా రాజు వేషమేసేవాడు పొట్టోడు మేడం. చేతులూ అంచూ జానెడు కత్తిరించాల. జీవన్ సరేనన్నాడు."

"రూతమ్మ గారో?"

"ఆమె పక్కనే ఉన్నది. ఏం మాట్లాడలే."

సాయంత్రం నాలుగింటికి నలుగురినీ దుకాణంలో కూర్చోబెట్టింది శివకుమారి. "తలా ఒక డ్రెస్సు గోడ మీంచి తీసి నాకివ్వండి."

జీవన్ నవ్వాడు. అయినా ఒక పంచె లాగి బల్ల మీద పడేశాడు. నరేంద్ర తలపాగా తెచ్చాడు. నాగమ్మ చెమ్కీ లంగా దించి, జరీ నలగకుండా లోపలికి తిప్పి మడిచి ఇచ్చింది.

రూతమ్మ పచ్చ కోటు దించింది. దాన్ని ఎడమ చేతి మీద వేసుకుని, కుడిచేత్తో బుట్టలోంచి పలక తీసి మేకుకు తగిలించింది. అప్పుడు వెనక్కి తిరిగింది. అందరూ ఆ పలక వైపే చూస్తున్నారు.

"బయటి దొంగ మేకు ఖాళీగా వదిలిపోతాడు," అంది శివకుమారి. "జీవన్ పలకలు ముట్టడు. నాగమ్మ పలక పెట్టదు, ఇప్పుడు మీరే చూశారు. మోసం చేయాలని పెట్టినవాళ్లయితే దాని మీద ఏదో ఒక ఊరు రాస్తారు. సోమవారం రాత్రి ఈ ఇంట్లో ఒంటరిగా ఉన్నది మీరొక్కరే రూతమ్మ గారూ. మీ చెయ్యి అలవాటు కొద్దీ పలక తగిలించింది. రాయడానికి మాత్రం ఊరు లేదు. అంగీ ఇల్లు దాటలేదు."

రూతమ్మ లోపలికి వెళ్లి, మంచం మీది దిండు కింద నుంచి అంగీ తెచ్చింది. జరీ లోపలికే మడిచి ఉంది.

"ఆయన కుట్టుకున్నది. పద్దెనిమిది క్రిస్మసులు ఏసుకున్నాడు. దాన్ని కత్తిరిస్తామంటే... వద్దనేందుకు నోరు రాలే. ఇప్పుడు నా మాట ఎవరు వింటారు?"

"మరి నాగమ్మను దొంగ అన్నప్పుడు?" అడిగాడు కృపావరం. అతనికి నిజంగానే కోపమొచ్చింది.

రూతమ్మ అంగీని బల్ల మీద పెట్టింది. జీవన్ తల దించుకున్నాడు.

"నన్ను బజార్లో దొంగ అన్నారు," అంది నాగమ్మ. "బజార్లోనే చెప్పాల."

రూతమ్మ గడప దాటింది. ఎదురు టీకొట్టు వాళ్లూ ఆటోల వాళ్లూ వినేలా, ఆ సన్నటి గొంతునే పెంచి చెప్పింది. "నాగమ్మ తీయలే. నేనే దాచినా. దాచి, నోరు మూసుకున్నా." జీవన్‌ను కూడా బయటికి పిలిచి చెప్పించింది.

వాళ్లు లోపలికొచ్చేసరికి నాగమ్మ అంగీని దాని మేకుకు తగిలిస్తోంది. ఖాళీ పలక తీసి రూతమ్మ చేతిలో పెట్టింది.

"నాకొక్క మాట చెప్పింటే, నేనే దాచిపెట్టేదాన్ని గదక్కా," అంది.

అంతసేపూ ఏడవని రూతమ్మ అప్పుడు ఏడ్చింది. నాగమ్మ ఓదార్చలేదు. గడప బయట విడిచిన చెప్పులు వేసుకుని, గూడెం పోయే ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.